గాదెలో ఒకే పెళ్ళి

అంగారకుడి మీద ఎర్రమెట్ట అనే ఊళ్ళో గాలికి కొరత లేదు, నీళ్ళకీ లేదు. గాలిని యంత్రాలు తయారుచేస్తాయి. నీళ్ళు ధ్రువాల దగ్గరి మంచు కరిగి గొట్టాల్లో వస్తాయి. ఊరి మీద బోర్లించిన అద్దాల గుమ్మటం కింద వంకాయలు, బెండకాయలు, బంతిపూలు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. కొరతల్లా దాచుకునే చోటుకే.

దాచుకునేది బియ్యమో బంగారమో అయితే ఏ మూలో సర్దేయవచ్చు. ఎర్రమెట్టవాళ్ళు దాచుకునేవి మాటలూ, బొమ్మలూ, వీడియోలూ. భూమిని వదిలి ఇంత దూరం వచ్చాక ఏదీ మరిచిపోకూడదన్న భయం వాళ్ళని పట్టుకుంది. పిల్లవాడి మొదటి తుమ్ము దాచారు. చారు పొంగిన చప్పుడు దాచారు. ఊరు మొత్తానికీ ఉన్నది ఒక్క పిల్లి. అది నిద్రపోతున్న వీడియోలు మాత్రం ఇంటింటా గుట్టలుగా ఉన్నాయి. "ఇదెందుకండీ?" అని ఎవరినడిగినా ఒకటే జవాబు: "ఉండనివ్వండి, ఎప్పటికైనా పనికొస్తుంది."

ఇదంతా ఊరి కింద రాతి సొరంగంలో ఉన్న స్ఫటికాల బీరువాల్లోకి చేరుతుంది. ఆ స్ఫటికాలు భూమి నుంచి ఓడ మీద రావలసిందే. ఓడ ఎప్పుడొస్తే అప్పుడే. బీరువాలను చూసుకునే సాఫ్ట్‌వేర్ పేరు గాదె. ఏది ఎక్కడ పెట్టాలి, ఎంతకాలం ఉంచాలి, ఎవరడిగితే తీసి చూపాలి, అన్నీ అదే చూసుకుంటుంది. చాలా మర్యాదగా మాట్లాడుతుంది. ఓ రోజు పొద్దున్న అంబుజమ్మ గారు మనవరాలి మొదటి అడుగు వీడియో తీసి దాచమంటే, అంతే మర్యాదగా, "క్షమించాలమ్మా, చోటు లేదు. పాతది ఏదైనా తీసేయమంటే ఇది పెడతాను," అంది.

అంబుజమ్మ గారు కాసేపు ఆలోచించి, "పక్కింటివాళ్ళది తీసెయ్," అన్నారు.

ఆ రోజు నుంచి చీవాట్లన్నీ మందాకినికి తగలడం మొదలైంది. గాదె బాగోగులు చూడటం ఆమె ఉద్యోగం. గాదెకి ఏం చెప్పాలన్నా గుణపత్రంలో రాయాలి. సర్వరు ప్రాపర్టీ ఫైలుకి ఎర్రమెట్టలో పెట్టుకున్న పేరది. చూడటానికి బహు సాదాగా ఉంటుంది. ఒక్కో వరసలో ఎడమపక్క ఒక గుణం, మధ్యలో సమాన గుర్తు, కుడిపక్క దాని విలువ. "నిలవ = శాశ్వతం" అని ఉంటే గాదె ఆ వస్తువును ఎప్పటికీ ఉంచుతుంది. "అడిగి తీయడం = అవును" అని ఉంటే యజమానిని అడగనిదే ముట్టుకోదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. గాదె బుద్ధి మార్చాలంటే మాత్రం ఒక్క వరస దిద్దితే చాలు. అందుకే ఆ వరసలను దిద్దే అధికారం ఊరు మొత్తంలో ఇద్దరికే ఇచ్చారు. ఒకరు మందాకిని, రెండోవారు ఆమె పై అధికారి డాక్టర్ భానోజీరావు.

భానోజీరావు మంచి శాస్త్రవేత్త. ఆ సంగతి ఆయనకి అందరికంటే ఎక్కువ తెలుసు. చోటు కరువుకి ఆయన కనిపెట్టిన మందు పేరు 'ఏకప్రతి'. పాతకాలపు డీడూప్లికేషన్ రెండు ఫైళ్ళను అక్షరం అక్షరం పోల్చి, ముమ్మూర్తులా ఒకటైతేనే రెండోదాన్ని తీసేసేది. ఏకప్రతి అలా కాదు. లోపల ఏముందో చూసి అర్థం చేసుకుంటుంది. నిద్రపోతున్న పిల్లి వీడియోలు ఎన్ని ఉన్నా ఒక్కదాన్ని అచ్చుగా ఉంచుతుంది. మిగతావాటిలో పరుపు రంగు వేరు, తోక తిరిగిన వైపు వేరు అనుకోండి, ఆ తేడాలు మాత్రం విడిగా రాసుకుంటుంది. ఎవరి పిల్లి వీడియోని వాళ్ళు అడిగినప్పుడు అచ్చుకి తేడాలు కలిపి చూపిస్తుంది.

"ఇంటింటా ఇడ్లీ వేస్తారమ్మా. ప్రతి ఇడ్లీనీ దాచడం దేనికి? ఇడ్లీ రేకు ఒకటి ఉంటే సరిపోతుందిగా," అన్నాడాయన మందాకినితో.

సరిగ్గా ఆ రోజుల్లోనే మందాకిని దగ్గర పనిచేసే కిన్నెర పెళ్ళి కుదిరింది. వరుడు నీటి గొట్టాల విభాగంలో పనిచేసే ధ్రువ. కిన్నెరకి తల్లి లేదు. తండ్రి చిట్టబ్బాయి అద్దాల తోటలో పనిచేస్తాడు. ఊరికి కావలసిన వంకాయలూ బంతిపూలూ ఆయన చేతి మీదుగా వచ్చేవే. ఒక మధ్యాహ్నం ఆయన సంచీడు వంకాయలు తీసుకుని మందాకిని ఆఫీసుకి వచ్చాడు.

"చోటు లేదంటన్నారు కదండీ. మా అమ్మాయి పెళ్ళి వీడియోకి కూసింత చోటు అట్టే పెట్టాలండి."

"తప్పకుండా పెడతానండి. హాలు ఏది తీసుకున్నారు?"

"చిన్నదేనండి. ఆ చివరున్నది."

"అదీ నిండదంటున్నాడు మేడమ్ నాన్న," అంది కిన్నెర తెర మీంచి తల ఎత్తకుండా.

ఎర్రమెట్ట పద్ధతి తెలియనివాళ్ళకి ఇది అర్థం కాదు. అక్కడ పెళ్ళికి వెళ్ళడమంటే బాకీ తీర్చుకోవడం లాంటిది. 'వాళ్ళు మన పెళ్ళికి వచ్చారు, మనం వెళ్ళకపోతే బాగుండదు' అనుకుని వెళతారు. రానివాళ్ళ ఇంటికి వెళ్ళరు, అందులో కోపమేమీ ఉండదు. చిట్టబ్బాయి ఇన్నేళ్ళలో ఎవరి పెళ్ళికీ వెళ్ళలేదు. ఎర్రమెట్టలో పెళ్ళి పిలుపంటే ఊరందరికీ కలిపి ఒక సందేశం. చిట్టబ్బాయి పెరిగిన గోదావరి పక్క ఇంటికొచ్చి, బొట్టు పెట్టి, నోరారా పిలిస్తేనే పిలుపు.

"అందరికీ కలిపి ఓ మాట అనేస్తే పిలిచినట్టా అండి? పిలవని పేరంటానికి ఎలా ఎల్తామండి?" అన్నాడు చిట్టబ్బాయి. "ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి పిలుస్తారని చూశానండి. చూస్తా చూస్తా ఏళ్ళు గడిచిపోయాయి. పువ్వులు మాత్రం అందరి పెళ్ళిళ్ళకీ నేనే కోసి పంపానండి."

కిన్నెర లేచి పక్క గదిలోకి వెళ్ళింది. అది చూసి ఆయన గొంతు తగ్గించాడు.

"ఎవరూ రారని నాకేం బాధ లేదండి. తప్పు నాదే. పీటల మీద కూచుని అమ్మాయి తలెత్తి చూసినప్పుడు, ఎదర కుర్చీలన్నీ ఖాళీగా కనబడితే దానికెలా ఉంటాదండి?"

మందాకిని సంచీ అందుకుంది. వంకాయలు బాగున్నాయని మాత్రం అంది. ఆయన వెళ్ళాక చాలాసేపు ఆ ఖాళీ కుర్చీలే ఆమె కళ్ళ ముందు కదిలాయి.

మర్నాడు ఏకప్రతికి గుణపత్రం రాశారు. గుణపత్రంలో మొదటి వరసకి ఒక ప్రత్యేకత ఉంది. వేటిని ముట్టుకోకూడదో అక్కడే రాయాలి. గాదె ఇంకెక్కడా వెతకదు. మందాకిని అక్కడ "మినహాయింపు = కుటుంబ వేడుకలు" అని రాసి, కింద "సారూప్యం = 70" అని రాసింది. అంటే నూటికి డెబ్భై పాళ్ళు ఒకేలా ఉన్నవాటిని ఒకటి చేయమని. భానోజీరావు వెనక నిలబడి చూసి, నొసలు ముడిచాడు.

"శ్రీ ఏదమ్మా?"

"ఇది ఫైలు కదండీ."

"ఫైలైతే మాత్రం? శ్రీ లేకుండా మా వంశంలో ఎవరూ చాకలి పద్దు కూడా రాయలేదు. నాలుగు మూలలా పసుపు రాయడం ఎలాగూ కుదరదు, ఇదైనా ఉండనీ," అంటూ ఆయనే వంగి అన్నిటికంటే పైన 'శ్రీ' అని కొట్టాడు. మినహాయింపు రెండో వరసలోకి జరిగింది.

"మొదటి వరసలో అది ఉండాలండీ..."

"శ్రీ కన్నా ముందు ఉండదగ్గది ఏముంటుందమ్మా?"

మందాకిని వేలు చెరిపే మీట దాకా వెళ్ళింది. ఒకసారి రాసిన శ్రీని తుడిచేయడానికి ఆమెకి చెయ్యి రాలేదు. ఇంతలో గాదె గొంతు విప్పింది.

"మొదటి వరస నాకు అర్థం కాలేదు. దాన్ని వదిలేసి మిగతావి అమలు చేయమంటారా?"

"అలాగే కానీ," అన్నాడు భానోజీరావు. యంత్రం ఏదడిగినా 'అలాగే' అనడం మనుషులకు ఎప్పట్నుంచో అలవాటు.

మధ్యాహ్నం భోజనాల వేళకి సగం బీరువాలు ఖాళీ అయ్యాయి. అంబుజమ్మ గారి మనవరాలి మొదటి అడుగుకి చోటు దొరికింది. కాకపోతే అప్పటికి ఆ పిల్ల పరిగెత్తుతోంది. ఊరివాళ్ళు భానోజీరావు మెడలో బంతిపూల దండ వేశారు. "మీ పాతవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి," అని గాదె ఇంటింటికీ చెప్పింది. ఎవరైనా ముందు చూసుకునేది పెళ్ళి వీడియోనే కదా. ఆ వారమంతా ఏ ఇంటి ముందు నుంచి వెళ్ళినా సన్నాయి వినిపించింది.

ఆ వారంలోనే చిట్టబ్బాయికి విచిత్రంగా మర్యాదలు మొదలయ్యాయి. ముందుగా బడి పంతులమ్మ సర్వలక్ష్మి తోటలోకి వచ్చి, "ఏవండీ, మా పెళ్ళికి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు, ఇన్నేళ్ళూ ఒక్క మాట అనలేదేం?" అంది నిష్ఠూరంగా. తనని ఎవరనుకుని మాట్లాడుతోందో అనుకుని చిట్టబ్బాయి ఓ బుట్ట బెండకాయలిచ్చి పంపాడు. మర్నాడు నీళ్ళ ట్యాంకు దగ్గర ఇంకొకాయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆ తరవాత అంబుజమ్మ గారు దారిలో ఆపి, కాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగారు. చిట్టబ్బాయికి కాళ్ళ నొప్పులే లేవు. అయినా తగ్గాయని చెప్పాడు.

కిన్నెర పెళ్ళి పిలుపులకి వెళ్ళి వెలిగిపోతూ వచ్చింది. తండ్రి మాట మీద ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తోంది. "మేడమ్, అందరూ వస్తామంటున్నారు. మీ నాన్నగారు మా పెళ్ళికి వచ్చారు, మేం రాకుండా ఎలా ఉంటామమ్మా అంటున్నారు. ఒకావిడైతే తాంబూలం తన చేత్తోనే ఇచ్చానంది. నాన్నేమో నేనెక్కడికీ వెళ్ళలేదంటాడు. మరిచిపోయి ఉంటాడు మేడమ్, ఆయనకి మతిమరుపు. పెద్ద హాలు తీసేసుకున్నాం."

మందాకినికి అనుమానం వచ్చింది. కిన్నెర అటు వెళ్ళగానే మందాకిని తన పెళ్ళి వీడియో తీసి చూసింది. తనూ భర్తా బాగానే ఉన్నారు. అమ్మానాన్నా ఉన్నారు. మాంగల్యధారణ వేళకి బొమ్మ హాలు వైపు తిరిగింది. ముందు వరసలో ఆకుపచ్చ చొక్కాతో చిట్టబ్బాయి గుండెల మీదికి తల వాల్చి, హాయిగా నిద్రపోతున్నాడు.

మందాకిని పెళ్ళి అయిన ఎన్నో ఏళ్ళకి గాని చిట్టబ్బాయి ఎర్రమెట్టకి రాలేదు.

సర్వలక్ష్మి పెళ్ళి తీయించింది. అక్కడా ఆకుపచ్చ చొక్కా, అదే నిద్ర. ఇంకో రెండు తీయించింది. అవీ అంతే. భానోజీరావుని పిలిచి, ఆయన ముందే గాదెని నిలదీసింది.

"ఈ ఊరి పెళ్ళిళ్ళన్నీ డెబ్భై పాళ్ళకు పైగా ఒకేలా ఉన్నాయండి," అంది గాదె. "అదే హాలు, అదే పందిరి, అదే పురోహితుడు, అదే జీలకర్రా బెల్లం. అందరూ అందరి పెళ్ళిళ్ళకీ వెళతారు కనుక వచ్చినవాళ్ళూ వాళ్ళే. అందుకని ఒక పెళ్ళిని అచ్చుగా ఉంచాను. వధూవరులనూ తల్లిదండ్రులనూ మాత్రం ఎవరివాళ్ళను వాళ్ళకి తేడాలుగా రాసుకున్నాను."

"కుటుంబ వేడుకలు ముట్టుకోవద్దని రాశాం కదా?"

"మొదటి వరసలో శ్రీ అని ఉంది. అర్థం కాలేదని అడిగాను. వదిలేయమన్నారు. మినహాయింపు కోసం నేను రెండో వరస చూడను."

భానోజీరావు దగ్గాడు. "సరే, అందరి పెళ్ళిళ్ళూ మారిపోతే ఒక్కళ్ళూ గుర్తుపట్టలేదా?"

"ఎవరి మొహం వాళ్ళు చూసుకున్నారండి. ముందు వరసలో నిద్రపోతున్న మనిషి తప్ప మరేదీ ఎవరికీ కొత్తగా అనిపించలేదు."

"అచ్చుగా ఉంచింది ఎవరి పెళ్ళి?" అడిగింది మందాకిని.

"డాక్టర్ భానోజీరావు గారిది."

భానోజీరావు నలభై దాటాక పెళ్ళి చేసుకున్నాడు. ఆ పెళ్ళి గురించి ఎంతసేపైనా చెప్పగలడు. ఆయన మొహం విప్పారింది. "అంత ఘనంగా మరెవరిదీ జరగలేదులే. అందుకే దాన్ని తీసుకుంది."

"కాదండి. అన్నిటికన్నా మామూలుగా ఉన్నది అదే. సగటుకి సరిగ్గా సరిపోయింది."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. మందాకినికి నవ్వు వచ్చింది కాని ఆపుకుని, తెర మీద ఆకుపచ్చ చొక్కా చూపించింది. "ఈయన మీ పెళ్ళికి వచ్చారాండీ?"

భానోజీరావు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ఎవరో మరి. నాకు తెలీదే."

పువ్వులివ్వడానికి వచ్చిన చిట్టబ్బాయిని ఆ పెళ్ళినాడు ఎవరో కూర్చోమన్నారు. రాత్రంతా తోటలో పనిచేసిన మనిషి, కూర్చోగానే కునుకు పట్టింది. ఇన్నేళ్ళలో ఆయన ఉన్న పెళ్ళి అదొక్కటే. ఆయన్ని ఎరగనివాడూ ఆ పెళ్ళికొడుకు ఒక్కడే.

తీసేసిన అసలు వీడియోలు ఇంకా పోలేదు. ఖాళీ అయ్యాయనుకున్న బీరువాల్లోనే చెత్తగా పడి ఉన్నాయి. కానీ భూమి నుంచి బయల్దేరిన ఓడ కిన్నెర పెళ్ళికి ముందే వస్తుంది. అందులో వచ్చే బడి పాఠాలూ వైద్యం వివరాలూ ఆ బీరువాల్లోకే ఎక్కుతాయి. ఆ తరవాత ఎవరి పెళ్ళీ తిరిగి రాదు. పిల్లి వీడియోలూ చారు చప్పుళ్ళూ ఒకటి చేస్తేనే కావలసినంత చోటు మిగిలింది కనుక, పెళ్ళిళ్ళు వెనక్కి ఇవ్వకపోవడానికి సాకు కూడా లేదు. ఇస్తే మాత్రం ఊరందరికీ నిజం తెలుస్తుంది. చిట్టబ్బాయి ఎవరి పెళ్ళికీ రాలేదు. పెద్ద హాలు నిండా ఖాళీ కుర్చీలు.

తండ్రీకూతుళ్ళను పిలిచి మందాకిని ఉన్నదున్నట్టు చెప్పింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండుసార్లు నీళ్ళు తాగింది. విన్నాక కిన్నెర, "పెళ్ళయ్యాక వెనక్కి తేలేమా మేడమ్?" అంది.

"ఓడ ముందే వచ్చేస్తుందమ్మా."

కిన్నెర పెదవి కొరుక్కుని కిటికీ వైపు తిరిగింది. చిట్టబ్బాయి కూతురి వైపు చూసి, మందాకిని వైపు తిరిగాడు.

"ఎవరి పెళ్ళి వాళ్ళదేనండి. మన సరదా కోసం వాళ్ళది అట్టేపెట్టుకోకూడదు. ఇచ్చెయ్యండి," అన్నాడు. లేచి నిలబడి, "మళ్ళీ చిన్న హాలే తీసుకుంటానండి. ఈ నాలుగు రోజులూ ఎక్కడికెళ్ళినా పలకరించారు అందరూ. బాగుందండి," అన్నాడు.

ఆ ఒక్క మాటకి మందాకిని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుణపత్రంలో ఒక్క వరస వల్ల ఆయనకి దొరికినదాన్ని తన చేతులతోనే తీసేస్తున్నందుకు ఆమెకి తన ఉద్యోగం మీదే విసుగు పుట్టింది.

అయినా చేయవలసింది చేసింది. మినహాయింపుని మొదటి వరసలోకి తెచ్చి, శ్రీని ఆఖరి వరసకి మార్చింది. సాయంత్రానికి ఎవరి పెళ్ళి వాళ్ళకి చేరింది. "మా పొరపాటు వల్ల మీ వీడియోలు కలిసిపోయాయి. వాటిలో కనిపించిన చిట్టబ్బాయి గారు నిజానికి మీ పెళ్ళికి రాలేదు. అసలు వీడియోలు తిరిగి ఇచ్చాం. మన్నించండి," అని మందాకిని ఊరందరికీ తన గొంతుతోనే చెప్పింది.

మర్నాడు పొద్దున్న ఆఫీసు ముందు జనం మూగారు. తిట్లు తినడానికి సిద్ధపడే తలుపు తీసింది మందాకిని. అందరికన్నా ముందు సర్వలక్ష్మి ఉంది.

"ఏం చేశారండీ మా వీడియోని? చిట్టబ్బాయి గారు కనిపించడం లేదు."

"నిన్న చెప్పాను కదండీ. ఆయన మీ పెళ్ళికి రాలేదు."

"నా పెళ్ళికి ఎవరొచ్చారో నాకు తెలీదా? నా చేత్తో పులిహోర వడ్డించాను ఆయనకి."

"పెళ్ళికూతురు మీరు కదా. మీరే వడ్డించారా?"

సర్వలక్ష్మి ఒక్క క్షణం తడబడింది. "మారు వడ్డించాను," అంది.

అంబుజమ్మ గారు ఆమెని పక్కకి నెట్టారు. "మా అబ్బాయి పెళ్ళిలో ఆయన కునుకు తీస్తుంటే మెడ పట్టేస్తుందని నేనే దిండు తెప్పించానమ్మా. ఆ దిండూ లేదు, ఆయనా లేడు. ఏదో పోగొట్టి పొరపాటంటారేంటి?"

"మొన్న కిన్నెర పిలవడానికొస్తే ఏమన్నాను నేను?" అన్నాడు వెనక నుంచి ఒక పెద్దాయన. "మీ నాన్న మా పెళ్ళికి వచ్చాడమ్మా అన్నాను, అదీ మా వియ్యంకుడి ఎదురుగా. ఇప్పుడు రాలేదంటే నేను అబద్ధాలకోరునా? మీ గాదె చెప్పిందే వేదమా?"

అందరూ ఔనంటే ఔనన్నారు. ఒకాయన పెళ్ళిలో చిట్టబ్బాయి పాట కూడా పాడాడట. పనిలో పనిగా భానోజీరావుకీ నాలుగు చీవాట్లు పడ్డాయి. పెళ్ళికొచ్చిన మనిషిని ఎరగనంటాడా, చదువుకుంటే సరా అన్నారు. గాదె ప్రతి ఫిర్యాదునీ ఓపిగ్గా రాసుకుని, జనం వెళ్ళాక అడిగింది.

"అసలు ప్రతుల్లో ఆయన లేరు. చూసినవాళ్ళందరూ ఉన్నారంటున్నారు. నేను ఎవరి మాట తీసుకోవాలి?"

"నీకు గుణపత్రం ఉంది, దిద్దితే దిద్దుకుంటావు," అన్నాడు భానోజీరావు నీరసంగా. "నలుగురిలో ఒకసారి 'ఔను, చూశాను' అన్న మనిషిని ఎవడు దిద్దగలడు? చూసిందాన్నైనా వదులుకుంటాడు గాని, అన్నదాన్ని వదులుకోడు."

"అయితే చిన్న హాలు సరిపోదండి," అంది గాదె.

సరిపోలేదు. పెద్ద హాలూ సరిపోలేదు. కిన్నెర పెళ్ళి నాడు ఎర్రమెట్టలో గాలి యంత్రాల దగ్గర కాపలా ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ ఇళ్ళలో లేరు. కుర్చీలు నిండి, గోడల వెంట నిలబడి, గుమ్మం బయట కూడా తలలు కనిపించాయి. వండినది చాలదని తెలిసి ఎవరికి వాళ్ళు ఇంటి నుంచి గిన్నెలు మోసుకొచ్చారు. వంకాయ కూరలోకి చిట్టబ్బాయి తోటలో మళ్ళీ కాయలు కోయించాల్సి వచ్చింది. భానోజీరావు భార్యతో సహా వచ్చి, ముందు వరసలో కూర్చోవడానికి మొహమాటపడి మూడో వరసలో కూర్చున్నాడు. జీలకర్రా బెల్లం పెట్టాక కిన్నెర తలెత్తి హాలు వైపు చూసింది. ఎంతసేపు చూసిందో, పురోహితుడు రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

భోజనాలయ్యాక చిట్టబ్బాయి గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ తాంబూలం ఇచ్చాడు. సర్వలక్ష్మి చేతిలో పెడుతూ, "మీ పులిహోర రుచి ఇప్పటికీ నోట్లోనే ఉందండి," అన్నాడు. వరసలో వెనక నిలబడ్డ మందాకిని నవ్వుకుంది. పెద్దమనిషి, మర్యాదకి అంటున్నాడనుకుంది. అంబుజమ్మ గారితో ఆ దిండు ఎంత మెత్తగా ఉందో చెప్పాడు. తరవాత మందాకిని వంతు వచ్చింది.

"మీ పెళ్ళిలో మీ నాన్నగారు నన్ను కదలనిచ్చారాండి?" అన్నాడు చిట్టబ్బాయి. "పువ్వులిచ్చి ఎల్లిపోతానంటే ఒప్పుకోలేదు. చెయ్యట్టుకుని లాక్కెళ్ళి, పంక్తిలో కూచోబెట్టారు. అలాటి మనిషిని మళ్ళీ చూడలేదండి."

మందాకిని ఆయన కళ్ళలోకి చూసింది. వాటిలో మర్యాద కోసం అంటున్న జాడ ఎక్కడా లేదు. పొద్దుట్నుంచీ ఊరంతా చెప్పగా చెప్పగా ఆయన కూడా వెళ్ళొచ్చాడు, అందరి పెళ్ళిళ్ళకీ. నిజాన్ని పట్టుకుని మిగిలింది ఇక తనొక్కతే అనిపించింది ఆమెకి.

మందాకిని తండ్రి పోయి చాలా ఏళ్ళయింది. ఆయన గురించి ఇలా ఎదురుపడి మాట్లాడినవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు. ఎవరినైనా భోజనం చేయకుండా గుమ్మం దాటనివ్వకపోవడం ఆయన అలవాటన్నది మాత్రం నిజమే. ఆకుపచ్చ చొక్కా చెయ్యి పట్టుకుని ఆయన నవ్వుతూ నడిపించుకుపోవడం ఆమెకి కనిపించింది.

"ఆయన అంతేనండి," అంది మందాకిని తాంబూలం కళ్ళకద్దుకుని. "మీరు రెండోసారి పప్పు వద్దని చెయ్యి అడ్డం పెట్టినా వినలేదు. నేను పీటల మీంచి చూస్తూనే ఉన్నాను."